గరిటె ఎక్కడికీ పోలేదు: బ్లెండర్‌లో చూపు తిప్పడం, నడిమికి తెచ్చుకోవడం

నెల్లూరు వేదాయపాలెంలో మా గదికి బ్లెండర్, అంటే కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్, నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడొకడు పోయిన వారం అరగంట సేపు మౌస్ చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి. చివరికి నా వైపు తిరిగి, "అన్నా, గరిటె యాడికో పోయింది" అన్నాడు.

వాడు చేస్తున్నది ఉదయగిరి చెక్క గరిటె. భౌగోళిక గుర్తింపు దక్కిన మన జిల్లా పనితనం అది. కాడ పొడుగ్గా, చివర చిన్న నగిషీ, ముందు లోతైన గిన్నె. చూడ్డానికి తేలికే గానీ త్రీడీలో కట్టడానికి మంచి పరీక్ష పెడుతుంది. ఎందుకంటే దాన్ని ప్రతి పక్క నుంచీ చూడాలి. గిన్నె లోపలికి తొంగి చూడాలి, కాడ చివర నగిషీ దగ్గరికి పోవాలి, మళ్ళీ మొత్తం గరిటె కనిపించేలా వెనక్కి రావాలి. ఈ రాకపోకలు చేతికి రాకపోతే మోడలింగ్ ఎంత వచ్చినా పని సాగదు. అందుకే ఇక్కడ మోడలింగ్ మాట ఎత్తను. చూపు గురించే చెబుతాను.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి

గుడిలో ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుడు తిరగడు, మనం తిరుగుతాం. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గాలిగోపురాన్ని వీధిలోంచి చూస్తే ఒకలా ఉంటుంది, ఏటి వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. మారింది మనం నిలబడ్డ చోటు, గోపురం కాదు.

కొత్తవాళ్ళలో సగం మంది ఇక్కడే పొరపడతారు. గరిటె వెనక పక్క చూడాలనుకుని ఆర్ కీ నొక్కి గరిటెనే తిప్పేస్తారు. వెనక పక్క కనిపిస్తుంది కాబట్టి పనైపోయిందనుకుంటారు. గంట తర్వాత ముందు చూపులోకి వెళ్ళి చూస్తే గరిటె ఏటవాలుగా పడుంటుంది, అద్దం పెట్టినట్టు రెండో సగం తయారుచేసే మిర్రర్ కూడా వంకరగా వస్తుంది. అలా తిప్పేసి ఉంటే ఆబ్జెక్ట్ మోడ్‌లో, అంటే వస్తువుని మొత్తంగా కదిలించే పద్ధతిలో, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కండి, తిప్పుడు సున్నాకి వస్తుంది. ఇక మీద జరిపే జి, తిప్పే ఆర్, సైజు మార్చే ఎస్ కీలు వస్తువుకి, మౌస్ నడిమి చక్రం మీకు అని గుర్తుపెట్టుకోండి.

మౌస్, కీబోర్డు సర్దుకోవడం

చక్రం ఉన్న మౌస్ ఒకటి కొనండి. ఖరీదైనది అక్కర్లేదు. చక్రాన్ని తిప్పడమే కాదు, బటన్‌లా లోపలికి నొక్కగలగాలి. కొనేటప్పుడు నొక్కి చూడండి. కొన్నింటికి చక్రం మరీ బిగువుగా ఉంటుంది, రోజంతా నొక్కితే వేలు లాగేస్తుంది.

మౌస్ లేకుండా ల్యాప్‌టాప్ మీదే నేర్చుకునేవాళ్ళు ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఇన్‌పుట్ అనే చోట ఎమ్యులేట్ త్రీ బటన్ మౌస్‌కి టిక్ పెట్టుకోండి. అప్పుడు ఆల్ట్ పట్టుకుని ఎడమ బటన్‌తో లాగితే నడిమి బటన్ పని జరుగుతుంది. పక్కన అంకెల గడి లేని కీబోర్డైతే అక్కడే ఎమ్యులేట్ నమ్‌ప్యాడ్ కూడా ఉంటుంది. అది పెడితే పై వరసలోని అంకెలే నమ్‌ప్యాడ్‌లా పనిచేస్తాయి.

దానికో చిక్కు ఉంది. మామూలుగా ఎడిట్ మోడ్‌లో, అంటే వస్తువు ఆకారాన్ని మార్చే పద్ధతిలో, పై వరస 1, 2, 3 నొక్కితే బిందువులు, అంచులు, ముఖాలు ఎంచుకునే పద్ధతి మారుతుంది. ఎమ్యులేట్ పెట్టాక ఆ సదుపాయం పోతుంది. నన్నడిగితే ఎమ్యులేట్ పెట్టకుండా ఎస్కేప్ కింద ఉండే టిల్డా కీని అలవాటు చేసుకోమంటాను. అది నొక్కితే మౌస్ చుట్టూ గుండ్రంగా ఒక మెనూ విచ్చుకుంటుంది. పైచూపు, ముందుచూపు, వ్యూ సెలెక్టెడ్ అన్నీ అందులోనే ఉంటాయి. నమ్‌ప్యాడ్ ఉన్నా నేను సగం సార్లు దాన్నే వాడతాను.

ఇంకో మాట. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి నేర్చుకుంటుంటే, 2019 జులైలో వచ్చిన 2.80 కంటే ముందువి పక్కన పెట్టండి. అంతకు ముందు వస్తువుని ఎంచుకోవడానికి కుడి బటన్ నొక్కేవాళ్ళు. ఆ వీడియోలు చూసి ఎడమో కుడో తేలక ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

మూడు కదలికలు

నడిమి బటన్ నొక్కిపట్టి మౌస్ లాగండి. చూపు చుట్టూ తిరుగుతుంది. షిఫ్ట్ పట్టుకుని అదే చేయండి. చూపు పక్కకి, పైకి, కిందకి జరుగుతుంది. చక్రం తిప్పితే దగ్గరికి, దూరానికి పోతుంది. కంట్రోల్ పట్టుకుని నడిమి బటన్‌తో లాగినా అదే పని, కాకపోతే చక్రంలా మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా పోతుంది.

పైన కుడి మూలలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గుండ్రాలతో చిన్న బొమ్మ ఉంటుంది. ఎరుపు ఎక్స్, ఆకుపచ్చ వై, నీలం జెడ్. గుండ్రం మీద నొక్కితే ఆ దిక్కు నుంచి కనిపిస్తుంది, బొమ్మని పట్టి లాగితే చూపు తిరుగుతుంది. దాని కింద చెయ్యి, భూతద్దం గుర్తులున్నాయి. మొదటి రెండు రోజులు వాటితో నడిపించుకోండి, తర్వాత వాటి జోలికి మీరే పోరు.

అసలు కథ ఇరుసుది

గానుగ చూసి ఉంటారు. ఎద్దు ఎంత తిరిగినా నడిమి రోలు చుట్టే తిరుగుతుంది. బ్లెండర్‌లో మీ చూపు ఆ ఎద్దు లాంటిది. దానికీ ఒక రోలుంది, కానీ అది తెర మీద కనిపించదు. మీరు నడిమి బటన్‌తో తిరిగేది ఆ కనిపించని చోటు చుట్టూనే. దాన్నే ఇరుసు అంటున్నాను. చక్రం తిప్పి పోయేది కూడా ఆ చోటు దగ్గరికే.

షిఫ్ట్ పట్టుకుని చూపుని పక్కకి జరిపిన ప్రతిసారీ ఆ ఇరుసు కూడా మీతో పాటే జరుగుతుంది. కాడ చివర నగిషీ చూద్దామని జరిపారు, జరిపారు. తెర మీద నగిషీ సరిగ్గా నడుమనే ఉంది. కానీ ఇరుసు నగిషీ లోపల ఉందని ఏమీ లేదు. దానికి జానెడు ముందో, మూరెడు వెనకో ఖాళీలో ఉండొచ్చు. తెర చదునుగా ఉంటుంది కాబట్టి లోతు తెలియదు. ఇప్పుడు తిప్పారంటే నగిషీ గిర్రున తెర దాటిపోతుంది. "బొమ్మ ఎగిరిపోయింది" అంటారే, జరిగేది అది.

దీనికే ఇంకో రూపం ఉంది. చక్రం ఎంత తిప్పినా ముందుకు పోదు. గరిటె ఇంకా బెత్తెడు దూరంలో ఉంది, చూపు మాత్రం గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. మౌస్ పాడైందనుకుని మార్చినవాళ్ళూ ఉన్నారు. మౌస్ తప్పేమీ లేదు. చక్రం ఒక్కో గంటుకీ చూపు కదిలే దూరం, ఇరుసు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇరుసు దగ్గరయ్యే కొద్దీ అడుగు చిన్నదవుతుంది. మీరు ఇరుసుకి అంటుకునేంత దగ్గరికి వచ్చేశారు, గరిటె మాత్రం దానికి అవతలుంది. ఇక అడుగులు చీమ అడుగులే.

రెండింటికీ మందు ఒకటే.

మొదట గరిటె మీద ఎడమ బటన్ నొక్కి ఎంచుకోండి. తెర మీద కనిపించకపోతే కుడి పక్కన పేర్ల జాబితా ఉంటుంది, అవుట్‌లైనర్ అంటారు, అందులో దాని పేరు మీద నొక్కండి. తర్వాత మౌస్‌ని త్రీడీ తెర మీదకి తీసుకురండి. ఇప్పుడు నమ్‌ప్యాడ్‌లో చుక్క కీ నొక్కండి. ఎంచుకున్న వస్తువు తెర నడిమికి వచ్చి నిలుస్తుంది, ఇరుసు కూడా దాని నడిమికి చేరుతుంది. వ్యూ మెనూలో ఫ్రేమ్ సెలెక్టెడ్ అని, టిల్డా మెనూలో వ్యూ సెలెక్టెడ్ అని ఉండేది ఇదే.

ఆ రెండో మెట్టు మరిచిపోకండి. బ్లెండర్‌లో కీ ఏ పని చేయాలన్నది మౌస్ ఏ గడి మీద ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మౌస్ అవుట్‌లైనర్ మీదే ఉండగా చుక్క నొక్కితే, ఆ జాబితాలో గరిటె పేరు ఎక్కడుందో చూపించి ఊరుకుంటుంది. మా కుర్రాడి అరగంట పోయింది అక్కడే. చుక్క నొక్కాలని వాడికి తెలుసు. పది సార్లు నొక్కాడట కూడా. మౌస్ మాత్రం పేరు మీదే ఉంది.

ఎడిట్ మోడ్‌లో ఈ చుక్క ఇంకా పదునైన పనిముట్టు. కాడ చివర నగిషీలో నాలుగైదు ముఖాలు మాత్రమే ఎంచుకుని నొక్కండి. చూపు వాటి దగ్గరికే పోతుంది, ఇరుసు అక్కడే దిగుతుంది. ఆ పని అయ్యాక గిన్నె అంచు మీద నాలుగు బిందువులు ఎంచుకుని మళ్ళీ చుక్క. షిఫ్ట్ పట్టి లాక్కుంటూ పోయే ప్రయాణం సగానికి సగం తగ్గిపోతుంది.

ఏదీ ఎంచుకోకుండా ఒక చోటుని నడిమికి తెచ్చుకోవాలంటే, ఆల్ట్ పట్టుకుని ఆ చోటు మీద నడిమి బటన్‌ని ఒకసారి నొక్కి వదలండి. లాగకూడదు. లాగితే చూపు ముందు, పక్క, పై దిక్కుల్లో ఒకదానికి గెంతుతుంది.

ఇవి చేతికొచ్చాక ప్రిఫరెన్సెస్‌లో నావిగేషన్ తెరవండి. అక్కడ మూడు చోట్ల టిక్ ఉందో లేదో చూసుకోండి. ఆర్బిట్ అరౌండ్ సెలెక్షన్ ఉంటే, ఇరుసు ఎక్కడున్నా మీరు ఎంచుకున్న దాని చుట్టూనే తిరుగుతారు. జూమ్ టు మౌస్ పొజిషన్ ఉంటే, చక్రం తిప్పినప్పుడు మౌస్ చూపించే చోటికే పోతారు. ఆటో డెప్త్ ఉంటే, మౌస్ కింద ఉన్న ఉపరితలం లోతుని బ్లెండర్ లెక్కలోకి తీసుకుంటుంది. మూడూ పెట్టుకుంటే సుఖమే. అయినా మొదటి వారం ఆర్బిట్ అరౌండ్ సెలెక్షన్ లేకుండానే పనిచేయమని నేను మా వాళ్ళకి చెబుతాను. ఇరుసు అంటే ఏమిటో చేతికి తెలియాలి కదా.

ఉదయగిరి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అక్కడి కోటని గజపతుల నుంచి గెలవడానికి కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేశాడు, 1514లో గానీ కోట చిక్కలేదు. ఆ కొండ చుట్టూ దారి వెతుక్కున్న సైన్యానికి నమ్‌ప్యాడ్ చుక్క లేదు పాపం.

అన్నీ కనిపించాలంటే

హోమ్ కీ నొక్కండి. సీన్‌లో ఉన్నవన్నీ తెరలో ఇమిడేలా చూపు వెనక్కి పోతుంది. షిఫ్ట్, సి కలిపి నొక్కినా అదే జరుగుతుంది, పైగా ఎరుపు తెలుపు గీతల గుండ్రం, అంటే త్రీడీ కర్సర్, సీన్ నడిబొడ్డుకి తిరిగొస్తుంది. కర్సర్‌ని ఎక్కడో పెట్టి మరిచిపోయేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది.

హోమ్ నొక్కితే ఒక్కోసారి తెరంతా ఖాళీ అయిపోయి, ఒక మూల నలుసంత చుక్క మిగులుతుంది. ఏదో ఒక వస్తువు చాలా దూరంగా పడి ఉందన్నమాట. జి నొక్కి కదిలిస్తూ పొరపాటున అంకె టైప్ చేసి ఉంటారు. లేదా ఎక్కడి నుంచో తెచ్చిన ఫైల్‌లో దారితప్పిన దీపం ఒకటి ఉండి ఉంటుంది. అవుట్‌లైనర్‌లో ఒక్కొక్కటీ ఎంచుకుంటూ, ఎన్ కీ నొక్కితే పక్కన తెరుచుకునే పట్టీలో లొకేషన్ అంకెలు చూడండి. వేలల్లో ఉన్నది దొరుకుతుంది. పనికిరానిదైతే తీసేయండి, కావలసినదైతే ఆల్ట్, జి నొక్కి సున్నాకి తెచ్చుకోండి. లొకేషన్లన్నీ సరిగ్గానే ఉన్నా జబ్బు కుదరకపోతే, ఒకే మెష్‌లో, అంటే బిందువులు, అంచులు, ముఖాలతో అల్లిన వస్తువులో, ఒంటరి బిందువు ఒకటి దూరంగా మిగిలి ఉంటుంది. ఎడిట్ మోడ్‌లోకి పోయి ఎ నొక్కి అన్నీ ఎంచుకుని చుక్క నొక్కితే అది బయటపడుతుంది.

సీన్‌లో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు కలిపి పాతిక ఉన్నాయనుకోండి. ఒక్కదాని మీదే పని. దాన్ని ఎంచుకుని నమ్‌ప్యాడ్‌లో ఏటవాలు గీత కీ నొక్కండి. మిగతావన్నీ పక్కకి తప్పుకుంటాయి, మళ్ళీ నొక్కితే తిరిగొస్తాయి. చెరిగిపోయాయని భయపడొద్దు.

నేరుగా నిలబడి చూడటం

నమ్‌ప్యాడ్‌లో 1 ముందు నుంచి, 3 కుడి నుంచి, 7 పై నుంచి. కంట్రోల్ కలిపితే వాటికి ఎదురు దిక్కు. 9 నొక్కితే ఉన్న చూపుకి సరిగ్గా అవతలి పక్క. 2, 4, 6, 8 అంకెలు చూపుని 15 డిగ్రీల చొప్పున తిప్పుతాయి. నమ్‌ప్యాడ్ బదులు పొరపాటున పై వరస అంకె నొక్కితే, ఆబ్జెక్ట్ మోడ్‌లో వస్తువుల గుంపులు కొన్ని దాక్కుంటాయి. అప్పుడు అవుట్‌లైనర్‌లో కన్ను గుర్తులు చూసి తెరుచుకోండి.

5 అంకె విడిగా చెప్పుకోవాలి. మామూలు చూపులో దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది, రైలు పట్టాలు కలిసిపోయినట్టు. కొలతల పనికి అది మోసం. 5 నొక్కితే దూరం వల్ల వచ్చే చిన్నా పెద్దా తేడా పోతుంది. కాడ రెండు అంచులూ సమాంతరంగా ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. 1, 3, 7 నొక్కినప్పుడు బ్లెండర్ మామూలుగా తనే ఈ చూపులోకి మారుతుంది, తిప్పగానే వెనక్కి వస్తుంది.

గరిటె ఫొటో పెట్టి దాని మీద గీసేవాళ్ళకి ఒక సలహా. పక్క ఫొటోని 3 చూపులో, పై ఫొటోని 7 చూపులో పెట్టుకోండి. ఫోన్‌ని గరిటె దగ్గరగా పెట్టి తీయకండి, గిన్నె ఉబ్బినట్టు వస్తుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీయండి. ఆ ఒక్క జాగ్రత్త లేక రెండు ఫొటోల కాడలూ కలవక మేం ఒక పూట పోగొట్టుకున్నాం.

వంపు తిరిగిన గిన్నె లోపల ఒక ముఖానికి ఎదురుగా నిలబడాలంటే, ఎడిట్ మోడ్‌లో ఆ ముఖం ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుని నమ్‌ప్యాడ్ 7 నొక్కండి. చూపు దానికి నిలువుగా వచ్చి నిలుస్తుంది. మామూలుకి రావాలంటే ఉత్త 7.

దగ్గరికి పోతే కోసుకుపోవడం, దూరం పోతే మాయమవడం

బ్లెండర్ తెరవగానే కనిపించే ఘనం ఒక్కో పక్క 2 మీటర్లు. మన గరిటె పాతిక సెంటీమీటర్లు. నగిషీ దగ్గరికి పోయేసరికి ముందు భాగం కత్తితో కోసినట్టు తెగిపోయి, లోపలి డొల్ల కనిపిస్తుంది. మోడల్ పాడవలేదు. కంటికి మరీ దగ్గరగా ఉన్నది గీయకుండా వదిలేయడానికి బ్లెండర్‌కి ఒక హద్దుంది. ఎన్ పట్టీలో వ్యూ అనే చోట క్లిప్ స్టార్ట్, ఎండ్ అంకెలుంటాయి. మొదట్లో 0.01 మీటరు, 1000 మీటర్లు ఉంటాయి. అంటే కంటికి సెంటీమీటరు లోపల ఉన్నదేదీ కనిపించదు. గరిటె పనికి స్టార్ట్‌ని 0.001 చేసుకోండి.

దీనికి పూర్తి తిరగబడ్డ కేసు చీమకుర్తి వైపు నుంచి వచ్చింది. గ్రానైట్ పని చేసే ఒక మిత్రుడు క్వారీ గుంతని నిజం కొలతలతో మోడల్ చేశాడు. మొత్తం చూద్దామని వెనక్కి పోతే గుంత అవతలి గట్టు మాయమైపోయింది. 1000 మీటర్ల హద్దు దాటింది మరి. ఎండ్‌ని 10000 చేస్తే గట్టు తిరిగొచ్చింది. ఆ ఊపులో స్టార్ట్‌ని కూడా మరీ చిన్నది చేసేశాడు, దాంతో దగ్గరదగ్గరగా ఉన్న బండల పొరలు తిప్పినప్పుడల్లా తళతళ మెరవడం మొదలైంది. అది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ మెరుపు కాదు. స్టార్ట్‌కీ ఎండ్‌కీ మధ్య దూరం మరీ పెరిగితే, రెండు పొరల్లో ఏది ముందో ఏది వెనకో తేల్చుకునే ఖచ్చితత్వం తగ్గిపోతుంది. చిన్న వస్తువుకి రెండూ చిన్నవి, పెద్ద చోటుకి రెండూ పెద్దవి పెట్టుకోండి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి

కీలు వేరు, ఇరుసు గోల ఒకటే. మాయాలో ఎఫ్ నొక్కితే ఎంచుకున్నది, ఎ నొక్కితే అన్నీ. స్కెచప్‌లో షిఫ్ట్, జెడ్ నొక్కితే అన్నీ. ఫ్యూజన్‌లో ఎఫ్6 కూడా అంతే. ఆటోకాడ్‌లో మౌస్ చక్రాన్ని టకటకా రెండు సార్లు నొక్కితే గీసినదంతా తెరలోకి వస్తుంది.

చివరగా కెమెరా

నమ్‌ప్యాడ్ 0 నొక్కితే కెమెరా కంటితో చూస్తారు. తెర మీద గరిటె మీకు నచ్చిన కోణంలో కుదిరితే కంట్రోల్, ఆల్ట్, నమ్‌ప్యాడ్ 0 కలిపి నొక్కండి. కెమెరా వచ్చి మీరున్న చోట నిలబడుతుంది. చిన్న సవరణలకి ఎన్ పట్టీలో, వ్యూ కింద, కెమెరా టు వ్యూ టిక్ పెట్టి మామూలుగా చూపు తిప్పుకుంటే కెమెరా మీ వెంటే కదులుతుంది.

సవరణ అవగానే ఆ టిక్ తీసేయండి. ఒక రాత్రి నేను తీయలేదు. కెమెరా చూపులో ఉన్నానన్న సంగతి మరిచిపోయి, నగిషీలో ఒక అంచు సరిచేద్దామని దగ్గరికి పోయాను. కెమెరా కూడా బుద్ధిగా నాతో వచ్చింది. సరిచేసి, సేవ్ చేసి, నలభై బొమ్మలు రెండర్‌కి, అంటే కెమెరా చూపులో తుది బొమ్మలుగా తయారవడానికి, పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నలభైలోనూ కాడ చివర బొటనవేలంత నగిషీ ఉంది. గరిటె లేదు.